పచ్చబొట్టును పగలగొట్టేది లేజర్, మోసుకుపోయేది ఒళ్లు

సిద్దిపేట జిల్లాలో ఏ ఊరికి పోయినా డెబ్బై దాటిన అవ్వల ముంజేతుల మీద పచ్చబొట్లు కనిపిస్తాయి. వరుస చుక్కలు, తేలు, తులసికోట, తోడబుట్టినవాడి పేరు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఊరికి వచ్చిన ఎరుకల ఆమె దీపం మసిని ఆకుపసరులో రంగరించి సూదులతో పొడిచిన బొట్లవి. ఇందులో ఒక వింత ఉంది. మన చర్మం పైపొర సుమారు నెలకోసారి రాలిపోయి, కింది నుంచి కొత్తది వస్తుంటుంది. అరవై ఏళ్లంటే ఏడు వందల సార్లు. చర్మం అన్నిసార్లు మారింది, బొట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

మనవళ్ల తరానికి వచ్చేసరికి ఈ వింతే ఇబ్బందిగా మారింది. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది. ఇలాంటి జాతరల్లో పచ్చబొట్లు పొడిచే బ్యాటరీ మిషన్ పెట్టుకుని కూర్చునేవాళ్ల దగ్గర కాసేపట్లో చేతి మీద త్రిశూలమో, మనసులో ఉన్న పేరో పడిపోతుంది. రెండేళ్లు గడిచాక, అది వేయించుకున్న పిల్లగాడు తెల్లవారకముందే లేచి పరుగు సాధన మొదలుపెడతాడు. కానిస్టేబుల్ కావాలి, సైన్యంలో చేరాలి. అప్పుడు నియామక ప్రకటనలో పచ్చబొట్టు గురించిన పేరా కంటపడుతుంది.

కేంద్ర సాయుధ బలగాల నియామకాల్లో నిబంధన స్పష్టంగానే ఉంటుంది. దేవుడి గుర్తులు, పేర్లు ఉండొచ్చు. కానీ సెల్యూట్ చేయని ఎడమ ముంజేతి లోపలి వైపు గానీ, అరచేతి వెనుక వైపు గానీ మాత్రమే ఉండాలి. సైజు ఆ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు. సైన్యం కూడా ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక భాగం వరకే అనుమతిస్తుంది. ఆచారంగా పొడిపించుకునే గిరిజన తెగలకు సడలింపు ఉంది. ఏ ఏడాది ప్రకటనను ఆ ఏడాది చదువుకోవడం మంచిది. మెడ మీదో, కుడి భుజం మీదో బొమ్మ ఉన్నవాడు ఇక లేజర్ గురించి వాకబు చేస్తాడు.

"సార్, వచ్చే నెల ఫిజికల్ ఉంది. అప్పటికల్లా పోతదా?"

పోదు. యంత్రం పాతదైనందుకో, డాక్టరుకు చేతకానందుకో కాదు. పచ్చబొట్టు మన ఒంట్లో ఏ తీరుగా నిలిచి ఉందో, లేజర్ నిజంగా చేసే పని ఏమిటో తెలిస్తే ఈ జవాబు దానంతట అదే అర్థమవుతుంది.

సిరా ఎక్కడ ఉంటుంది?

చర్మానికి ముఖ్యంగా రెండు పొరలు. పైన పలచటి బాహ్యచర్మం, కింద మందంగా అంతశ్చర్మం. రాలిపోయేది పై పొర ఒక్కటే. పచ్చబొట్టు సూది దాన్ని దాటుకుని ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగి, అంతశ్చర్మంలో సిరాను వదులుతుంది. గోరింటాకు పై పొరకే పడుతుంది కాబట్టి రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది. పచ్చబొట్టుకు ఆ బాధ లేదు.

అయితే లోతు ఒక్కటే కారణం కాదు. అంతశ్చర్మంలోకి పరాయి పదార్థం ఏది వచ్చినా ఒళ్లు ఊరుకోదు. ముల్లు గుచ్చుకున్నా, సూక్ష్మజీవి చొరబడినా భక్షక కణాలు వచ్చి వాటిని మింగుతాయి. సిరానూ అలాగే మింగుతాయి. చిక్కంతా ఆ తర్వాతే. సూక్ష్మజీవినైతే అవి అరిగించుకోగలవు. మసి రేణువు అరగదు. రేణువులు గుత్తులు గుత్తులుగా ఉండటం వల్ల కణం వాటిని మోసుకుని కదలనూ లేదు. మింగినది మింగినట్టే కడుపులో పెట్టుకుని ఉన్నచోటే ఉండిపోతుంది. అవ్వ చేతి మీద మనం చూస్తున్న చుక్క, నిజానికి సిరాను మింగిన కణాల గుంపు.

ఆ కణాలు అరవై ఏళ్లు బతుకుతాయా? బతకవు. ఫ్రాన్స్‌లోని మార్సే నగరపు ఇమ్యునాలజీ పరిశోధకులు 2018లో దీనికి జవాబు చూపించారు. ఎలుకల తోకల మీద పచ్చబొట్టు పొడిచి, ఆ సిరాను పట్టుకున్న భక్షక కణాలను మాత్రమే చనిపోయేలా చేశారు. బొట్టు చెరిగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. చెరగలేదు. చనిపోయిన కణం సిరాను వదిలేసింది, పక్కకు కొత్తగా చేరిన కణం దాన్ని వెంటనే మింగేసింది. సిరా ఉన్నచోటే ఉంది, దాన్ని పట్టుకున్న కణం మారింది. పచ్చబొట్టు స్థిరంగా ఉండటం వెనుక ఇంత కదలిక ఉందన్నమాట. ఈ సంగతిని గుర్తు పెట్టుకోండి, లేజర్ ఎందుకు నెలల తరబడి సాగుతుందో చెప్పేటప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

■ నల్ల మసి పచ్చగా ఎందుకు కనిపిస్తుంది?

పొడిచింది నల్లటి దీపం మసి. చేతి మీద కనిపించేది పచ్చ, నీలం కలిసిన రంగు. సిరా రంగు మారలేదు, దాన్ని మనకు చూపించే వెలుగు మారింది. పగటి వెలుగు చర్మంలోకి దిగినప్పుడు అందులోని ఎరుపు భాగం లోతుకు పోయి మసిని చేరి అక్కడే ఇంకిపోతుంది. నీలం, ఆకుపచ్చ భాగాలు అంత లోతుకు పోలేక పైనే చెదిరి మన కంటికి తిరిగి వస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ రేణువులు ఇంకా కిందికి జారతాయి, అంచులు మసకబారతాయి, పచ్చదనం పెరుగుతుంది. ఒక్కో రంగు వెలుగు చర్మంలో ఒక్కో లోతుకు పోతుందన్న ఈ విషయం లేజర్ చికిత్స పునాదుల్లో ఒకటి.

కాల్చకుండా కాల్చడం ఎలా?

లేజర్ రాకముందు పచ్చబొట్టు తీయడమంటే చర్మాన్ని తీయడమే. ఉప్పుతో రుద్దేవారు, యంత్రంతో చెక్కేవారు, కత్తితో కోసి కుట్లు వేసేవారు. బొట్టు పోయేది, దాని చోట మచ్చ మిగిలేది. అమెరికాలో థియోడర్ మైమన్ 1960లో కెంపు స్ఫటికంతో తొలి లేజర్‌ను వెలిగించాడు. ఆ దశాబ్దంలోనే సిన్సినాటి చర్మ వైద్యుడు లియాన్ గోల్డ్‌మన్ దాన్ని పచ్చబొట్ల మీద ప్రయోగించి చూశాడు. చర్మాన్ని వదిలి సిరాను మాత్రమే దెబ్బతీయడం ఎలాగో సూత్రంగా చెప్పినవాళ్లు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్. 1983లో వచ్చిన వాళ్ల పత్రం మీదనే నేటి చర్మ లేజర్ వైద్యం చాలావరకు నిలబడి ఉంది.

ఆ సూత్రంలో రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది రంగు. సిరా బాగా పీల్చుకునే, చుట్టూ ఉన్న చర్మమూ రక్తమూ అంతగా పీల్చుకోని వెలుగును ఎంచుకోవాలి. అప్పుడు చర్మం దారి ఇస్తుంది, సిరా ఆపుతుంది, వేడి సిరాలోనే పుడుతుంది.

రెండోది సమయం. నా దృష్టిలో అసలు తెలివంతా ఇక్కడే ఉంది. సిరా రేణువు ఎంత చిన్నదంటే, దానికి వేడి తగిలిన క్షణం నుంచే ఆ వేడి చుట్టూ ఉన్న చర్మంలోకి కారిపోతూ ఉంటుంది. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. చెంబుతో మెల్లగా పోస్తే కుండ ఎప్పటికీ నిండదు, చుట్టూ నేల మాత్రం తడిసి బురదవుతుంది. బిందెడు నీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తే, కారిపోయే లోపే కుండ నిండిపోతుంది. లేజర్ కూడా వేడి బయటకు పారే వ్యవధి ఇవ్వకుండా శక్తినంతా ఒక్క తృటిలో రేణువు మీద కుమ్మరించాలి. అదే శక్తిని మెల్లగా ఇస్తే రేణువు పగలదు, చుట్టూ చర్మం ఉడికిపోతుంది.

ఆ తృటి ఎంత? క్యూ స్విచ్డ్ అనే లేజర్లలో 5 నుంచి 10 నానోసెకన్లు. సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోసెకను. అంత వేగంగా పరుగెత్తే కాంతి కూడా ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లే పోగలదు. ఆ కాస్త వ్యవధిలో రేణువు వందల డిగ్రీలకు వేడెక్కి, ఒక్కసారిగా వ్యాకోచించి, తన లోపల పుట్టిన ఒత్తిడికి తనే ముక్కలవుతుంది. అంటే లేజర్ సిరాను ఆవిరి చేయడం కంటే పగలగొట్టడమే ఎక్కువ. చికిత్స గదిలో మెరుపు మెరుపుకూ వినిపించే టప్ టప్ శబ్దంలో ఆ దెబ్బ ఉంది.

■ ఒక్క మెరుపు లెక్క

ఒక మెరుపులో అర జౌలు శక్తి ఉందనుకుందాం. అరకిలో బరువును పది సెంటీమీటర్లు పైకెత్తడానికి సరిపోయే శక్తి అది, చాలా తక్కువ. కానీ దాన్ని 5 నానోసెకన్లలో ఖర్చు చేస్తే ఆ క్షణానికి సామర్థ్యం 10 కోట్ల వాట్లు అవుతుంది. ఐదు హెచ్‌పీ బావి మోటార్లు సుమారు 27 వేలు ఒకేసారి నడిచినంత. మెరుపు ఆగిపోవడమూ అంతే వేగం కాబట్టి చర్మం కాలే వ్యవధి ఉండదు.

మొదటి రోజు ఏం జరుగుతుంది

మంచి వైద్యుడు మొదటి రోజే మెరుపు కొట్టడు. ముందు అడగాల్సినవి ఉంటాయి. పచ్చబొట్టు ఎన్నేళ్లది, మిషన్‌తో వేశారా చేతితో పొడిచారా, ఒకదాని మీద ఇంకోటి వేయించారా, గాయమైతే మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే గుణం ఉందా, ఏ మందులు వాడుతున్నారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సాధారణంగా వాయిదా వేస్తారు. చాలా ఏళ్ల కిందట కీళ్లవాతానికి బంగారు లవణాల ఇంజెక్షన్లు తీసుకున్నవారు ఆ మాట తప్పక చెప్పాలి. ఆ బంగారం చర్మంలోనే ఉండిపోయి, లేజర్ తగిలితే అక్కడ బూడిద నీలం మచ్చ పడుతుంది. పచ్చబొట్టు మధ్యలో పుట్టుమచ్చ ఉంటే దాని మీద లేజర్ కొట్టకూడదు. తర్వాత ఫొటో తీసి, ఒక మూల చిన్న చోట పరీక్షించి, కొన్ని వారాలు ఆగి చూస్తారు.

చికిత్స రోజున తిమ్మిరి క్రీమ్ పూసి గంట దాకా కూర్చోబెడతారు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకోవాలి. నల్ల సిరాకు వాడే వెలుగు కంటికి కనిపించదు. కనిపించని వెలుగు కంట్లో పడితే రెప్ప వేసుకునే అవకాశం కూడా ఉండదు, కంటిపొర శాశ్వతంగా దెబ్బతింటుంది. అద్దాలు ఇవ్వని చోట ఒక్క నిమిషం కూడా ఉండకండి.

మెరుపు తగిలిన చోట చురుక్కుమంటుంది. చిన్న బొమ్మకు పట్టేది కొద్ది నిమిషాలే. తగిలిన వెంటనే ఆ భాగం తెల్లబడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు బొట్టు పోయిందని సంబరపడతారు. అది పోవడం కాదు. రేణువుల వేడికి చర్మంలో పుట్టిన సన్నటి గాలి బుడగల తెలుపు అది. పావుగంట, ఇరవై నిమిషాల్లో అణిగిపోయి బొమ్మ మళ్లీ కనిపిస్తుంది. ఆ బుడగలు ఉన్నంతసేపు తర్వాతి మెరుపు లోపలికి దిగదు, పైనే చెదిరిపోతుంది. అందుకే కొందరు వైద్యులు ఇరవై నిమిషాల చొప్పున ఆగి ఒకే రోజున నాలుగు విడతలు కొట్టే పద్ధతి పాటిస్తారు. 2012లో గ్రీస్ వైద్యులు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మన చర్మానికి ఈ పద్ధతిని ఆచితూచి వాడాలి, కారణం తర్వాత వస్తుంది.

ఇంటికి వచ్చాక ఎర్రబడటం, వాపు, సూదిమొనంత రక్తపు చుక్కలు, ఒక్కోసారి నీటి బొబ్బలు మామూలే. బొబ్బను చిదమకూడదు. శుభ్రమైన నీళ్లతో మెల్లగా కడిగి, వాసెలిన్ పలచగా రాసి, కట్టు కట్టుకోవాలి. పసుపు, ఆకుపసరు, సున్నం ఏదీ పెట్టొద్దు. పీచుతో రుద్దొద్దు. పక్కును గిల్లొద్దు. మానాక ఎండ తగలకుండా పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ వాడాలి. పరుగు సాధన చేసేవాళ్లకు, పొలంలో పని చేసేవాళ్లకు కష్టమైన నియమమే ఇది, కానీ చాలా మచ్చలు ఈ ఎండ దగ్గరే పుడతాయి.

ఇక ఒంటి వంతు

మెరుపు అయిపోయింది, రేణువులు ముక్కలయ్యాయి. కానీ అవి ఇంకా చర్మంలోనే ఉన్నాయి. ఇక్కడితో లేజర్ పని ముగిసి ఒంటి పని మొదలవుతుంది. దెబ్బతిన్న భక్షక కణాలు చచ్చి సిరాను వదిలేస్తాయి. కొంత సిరా పక్కుతో పాటు పైకి రాలిపోతుంది. సన్నటి ముక్కలు కొన్ని శోషరసంలో (లింఫ్) కలిసి పారిపోతాయి. మిగిలినదాన్ని, మార్సే ఎలుకల్లో జరిగినట్టే, కొత్తగా వచ్చిన కణాలు మళ్లీ మింగేస్తాయి. అవి మళ్లీ ఉన్నచోటే ఉండిపోతాయి. తర్వాతి విడత ఆ మిగిలిన సిరా కోసం. పచ్చబొట్టును తీసేసేది నిజానికి మన ఒళ్లే. లేజర్ చేసేదల్లా మోయలేనంత పెద్ద రేణువును మోయగలిగినంత చిన్నది చేసి ఇవ్వడం.

అందుకే విడతకూ విడతకూ మధ్య 6 నుంచి 8 వారాల ఎడం ఉంటుంది. ఈ ఎడంలో చర్మం మానాలి, శోషరసం తన పని తాను చేసుకుపోవాలి. డబ్బు ఎక్కువిచ్చినా, వారానికోసారి కొట్టించుకున్నా ఆ పని వేగం పెరగదు, చర్మం మాత్రం చెడుతుంది.

ఎన్ని విడతలు? ఇటలీలో 352 మందిని చూసి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, క్యూ స్విచ్డ్ లేజర్‌తో 10 విడతల తర్వాత పచ్చబొట్టు విజయవంతంగా పోయినవాళ్లు 47.2 శాతం. 15 విడతల తర్వాత 74.8 శాతం. పది విడతలంటే మధ్యలో తొమ్మిది ఎడాలు, అంటే 54 నుంచి 72 వారాలు. ఏడాది దాటుతుంది. "వచ్చే నెల ఫిజికల్" అన్న పిల్లగాడికి ఈ లెక్క ఎంత చేదుగా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఎవరో ఒకరు ముందే చెప్పాలి. ఉద్యోగం మీద మనసున్నవాడు ప్రకటన వెలువడేదాకా ఆగకుండా, ఇంటర్మీడియట్ అయిన రోజుల్లోనే మొదలుపెట్టాలి.

అందరికీ పది పట్టదు. చేతితో పొడిచిన పాత నల్ల పచ్చబొట్టులో సిరా తక్కువ, అదీ మసి ఒక్కటే. కొన్ని విడతల్లోనే చాలావరకు వెలుస్తుంది. స్టూడియోలో దట్టంగా నింపిన బొమ్మకు, పాతదాన్ని కప్పడానికి మీద మళ్లీ వేసినదానికి ఎక్కువ పడుతుంది. మెడ, ఛాతీ, వీపు మీద త్వరగా, చేతివేళ్లు, మడమల దగ్గర ఆలస్యంగా పోతుంది. రక్తం, శోషరసం బాగా ఆడే చోటికీ ఆడని చోటికీ ఉన్న తేడా అది. పొగతాగేవాళ్లలో పది విడతలకు బొట్టు పోయే అవకాశం దాదాపు 70 శాతం తగ్గిందని అదే ఇటలీ అధ్యయనం చెప్పింది. పొగాకు రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. మోసేది ఒళ్లే అయినప్పుడు ఒంటిని నీరసపరిచేది ఏదైనా చికిత్సనూ నీరసపరుస్తుంది.

పికో లేజర్ ప్రకటనల గురించి ఒక మాట. 2012లో అమెరికాలో తొలి పికోసెకను లేజర్‌కు అనుమతి వచ్చింది. పికోసెకనంటే నానోసెకనులో వెయ్యో వంతు. అయితే ఈ యంత్రాల మెరుపు ఒక్క పికోసెకను కాదు, కొన్ని వందల పికోసెకన్లు ఉంటుంది. అంటే పాత యంత్రం కంటే వేగం సుమారు పది, ఇరవై రెట్లే. ప్రయోజనం నిజమే. రేణువులు ఇంకా సన్నగా పగులుతాయి, మొండి నీలం, ఆకుపచ్చ సిరాలు తక్కువ విడతల్లో వెలుస్తాయి. కానీ మోసుకుపోయే ఒళ్లు అదే కాబట్టి వారాల ఎడం తప్పదు. "ఒకే సిట్టింగ్‌లో మాయం" అనే బోర్డు కనిపిస్తే అది శరీరధర్మం తెలియని మాటైనా అయి ఉండాలి, తెలిసి చెప్పే అబద్ధమైనా అయి ఉండాలి.

మన చర్మానికి ప్రత్యేకంగా

లేజర్‌కు సిరా ఏదో, చర్మం ఏదో తెలియదు. ముదురు రంగు ఏదైనా దాని వెలుగును పీల్చుకుని అక్కడే వేడిగా మారుస్తుంది. మన గోధుమ, చామనఛాయ చర్మాల్లో చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ. అది పై పొరలోనే ఉంటుంది, సిరా దాని కింద ఉంటుంది. తప్పుడు వెలుగు వాడితే సిరాను చేరకముందే మెలనిన్ మీద దెబ్బ పడుతుంది. చర్మం తెల్లగా పాలిపోవడమో, ఇంకా నల్లబడటమో జరుగుతుంది. నలుపు సాధారణంగా కొన్ని నెలల్లో తగ్గుతుంది, తెలుపు మాత్రం ఒక్కోసారి ఉండిపోతుంది.

మనకు సరిపడేది ఎన్‌డీ యాగ్ లేజర్ ఇచ్చే 1064 నానోమీటర్ల వెలుగు. మెలనిన్ దాన్ని తక్కువ పీల్చుకుంటుంది, అది లోతుకూ పోతుంది, నల్ల సిరాను బాగా పగలగొడుతుంది. అదే యంత్రాన్ని 532 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగుకు మారిస్తే ఎర్ర సిరాకు పనికొస్తుంది, కానీ మెలనిన్‌కు అది ప్రమాదం. ఆకుపచ్చ, లేత నీలం సిరాలకు అలెగ్జాండ్రైట్ 755, కెంపు 694 నానోమీటర్ల లేజర్లు కావాలి, వాటితోనూ మన చర్మానికి జాగ్రత్త అవసరం. కాబట్టి రంగురంగుల బొమ్మ ఉన్నవాళ్లు ఒకే యంత్రం ఉన్న చోట పూర్తి ఫలితం ఆశించలేరు.

తెలుపు, చర్మపు రంగు, లేత గులాబీ సిరాలది వేరే కథ. వీటిలో టైటానియం, ఇనుము ఆక్సైడ్లు ఉంటాయి. లేజర్ తగిలితే అవి రసాయనికంగా మారి అక్కడికక్కడే నల్లబడతాయి. కనుబొమలకు, పెదవులకు పర్మనెంట్ మేకప్ వేయించుకున్నవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ముందుగా చిన్న చోట పరీక్ష చేయకుండా వీటి మీద లేజర్ వాడకూడదు. ఎర్ర సిరా పడక దురద, దద్దుర్లు ఉన్నవాళ్లు కూడా ముందే చెప్పాలి. పగిలిన సిరా ఒంట్లోకి చెదిరి అలర్జీని ఒళ్లంతా రేపగలదు.

ఆ సిరా ఎక్కడికి పోతుంది? శోషరసంతో పాటు దగ్గర్లోని శోషరస గ్రంథులకు. లేజర్ లేకపోయినా కొంత పోతూనే ఉంటుందని 2017లో జర్మన్, ఫ్రెంచ్ పరిశోధకులు గ్రంథుల్లో సిరా రేణువులను గుర్తించి చూపించారు. కొన్ని ఎరుపు, పసుపు సిరాలు లేజర్‌కు విడిపోయి హానికర పదార్థాలుగా మారతాయి. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి పచ్చబొట్టు సిరాల్లో వేలాది రసాయనాలను కట్టడి చేసింది. జాతరలో మిషన్ పట్టుకున్నవాడి సీసాలో ఏముందో సీసా మీద కూడా రాసి ఉండదు. సూది మార్చకుండా వరుసగా పొడిస్తే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే ముప్పు వేరే. పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లు ఏడాది దాకా రక్తదానం చేయకూడదన్న నియమం మన దేశంలో ఉన్నది అందుకే.

■ లేజర్ కాని లేజర్లు, మందు కాని మందులు

అవాంఛిత రోమాలు తీసే యంత్రాలతో పచ్చబొట్టు తీస్తామనేవాళ్లు ఉన్నారు. ఆ యంత్రాల మెరుపు మిల్లీసెకన్లలో ఉంటుంది, అంటే కావాల్సినదానికి లక్ష రెట్లు పొడుగు. సిరా పగలదు, చుట్టూ చర్మం కాలిపోతుంది. యాసిడ్ సీసాలు, జీడిగింజ రసం, సున్నం, కాల్చిన ఇనుము కూడా అంతే. ఇవి సిరాను వెతకవు, చర్మాన్నంతా తింటాయి. బొట్టు చోట జీవితాంతం ఉబ్బెత్తు మచ్చ మిగులుతుంది. నియామక వైద్య పరీక్షలో ఆ మచ్చనూ డాక్టర్లు చూస్తారు.

సిద్దిపేట నుంచి బయలుదేరేవాళ్లకు

సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. లేజర్ ఎక్కడ చేయించుకున్నా, మొదటి సలహా అక్కడి చర్మవ్యాధుల ఓపీలో తీసుకోవడం తెలివైన పని. మీ చర్మం, మీ సిరా చూసి, చేయించుకోవచ్చా, ఏ రకం వెలుగు కావాలి అన్నది వ్యాపారంతో సంబంధం లేని నోటి నుంచి వినొచ్చు. ఆ తర్వాత చాలామంది పట్టే దారి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్. రానూపోనూ ఇన్నూరు కిలోమీటర్లు, జేబీఎస్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, ఒక రోజు కూలి. కాబట్టి ఒక విడత ధర అడిగి లెక్క వేసుకోవద్దు. ఎనిమిది, పది విడతలకు దారి ఖర్చుతో కలిపి ఎంతవుతుందో చూసుకోండి. మధ్యలో డబ్బు అయిపోయి సగంలో ఆపితే మిగిలేది చెదిరిన బొమ్మ. ఏకమొత్తంగా ప్యాకేజీ డబ్బు కట్టమంటే, మొదటి రెండు విడతల ఫలితం చూశాక కడతామని చెప్పండి.

అడగాల్సిన ప్రశ్నలు సూటిగా అడగండి. యంత్రం క్యూ స్విచ్డా, పికోనా? 1064 వెలుగు ఉందా? మెరుపు కొట్టేది చర్మ వైద్యుడా, పక్కనున్న సహాయకుడా? మనలాంటి చర్మం మీద చేసిన ముందు, తర్వాత ఫొటోలు ఉన్నాయా? వీటికి విసుక్కునే చోట మీ చేయి పెట్టకండి.

అవ్వల పచ్చబొట్ల గురించి నా అభిప్రాయం చెప్పి తీరాలి. ఆదిలాబాద్ గోండులకు తోటి అనే తెగ స్త్రీలు పొడిచే పచ్చబొట్లు, ఎరుకల స్త్రీలు మన ఊళ్లలో పొడిచినవి, తండాల్లో లంబాడా స్త్రీల చేతుల మీదివి కాలం చెరపని నేర్పు. వాటిని పొడిచే చేతులు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. ఉన్నవాటిని సిగ్గుపడి చెరిపించుకోవాల్సిన పని లేదు. కానీ ఊహ తెలియని వయసులో నుదుటి మీద పొడిచిన బొట్టుతో, పట్నంలో పనికి పోయిన చోట మాటలు పడే ఆడవాళ్లు ఉన్నారు. తన ఒంటి మీద ఏది ఉండాలో తేల్చుకునే హక్కు ఆమెది. ఆ వయసులో ఆమెను ఎవరూ అడగలేదు, ఇప్పుడైనా అడగాలి. నుదుటి బొట్టు నల్ల మసి కాబట్టి, అక్కడ రక్తప్రసరణ బాగుంటుంది కాబట్టి, లేజర్‌కు అది బాగానే లొంగుతుంది.

చివరికి ఎంత పోతుంది? కొందరికి జాడ కూడా మిగలదు. చాలామందికి ఆ ఆకారంలో లేత నీడో, చుట్టుపక్కల కంటే కాస్త తెల్లటి చర్మమో మిగులుతుంది. మొదటి విడతల్లో మార్పు గట్టిగా కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఒక దశలో రెండు మూడు విడతలు వరుసగా కొట్టినా తేడా కనిపించదు. మొదటి రోజు తీసిన ఫొటోను పక్కన పెట్టి చూసి, ఆపాలా సాగించాలా అని వైద్యుడితో కూర్చుని తేల్చుకోవాల్సిన సమయం అది. తేడా కనిపించని చోట ఇంకా కొడుతూ పోతే దెబ్బ తినేది సిరా కాదు, చర్మం. ఆపేయడం ఇష్టం లేకపోతే ఆరు నెలలు ఊరికే ఆగి చూడొచ్చు. పగిలిన సిరాను ఒళ్లు ఆ నెలల్లో కూడా కొద్దికొద్దిగా మోసుకుపోతూనే ఉంటుంది.